మేకుల డొప్ప

మా నాన్న పని చెప్పులది. ఆయన మాట కూడా చెప్పుదే. మా బావతో ఏమైనా అనాలంటే నేరుగా అనడు. అక్కను పిలిచి "అతనికి చెప్పు" అంటాడు. అక్క దొరక్కపోతే నన్ను పిలిచి "మీ బావకి చెప్పు" అంటాడు. బావ ఎదురుగా అదే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నా సరే, "పంచదార సరిపోయిందేమో కనుక్కుని చెప్పు" అంటాడు. వాళ్లిద్దరి మధ్య నేను, చెప్పులో రాయిలాగా.

కారణం కూడా కాళ్ల దగ్గరే ఉంది. అక్క పెళ్లికి నాన్న కాబోయే అల్లుడికి తన చేత్తో బూట్లు కుట్టాడు. ఆ తోలు ఎంచడానికే ఊళ్లో కొట్లన్నీ తిరిగాడు. తీరా పెళ్లినాడు బావ బజారులో కొన్న బూట్లు తొడుక్కుని దిగాడు. అదేమిటని అడిగితే, "మీరు కుట్టినవి కరుస్తున్నాయి మామయ్యా" అని నలుగురిలో అనేశాడు. బూటు కరిచిన చోట పుండు మానింది. మాట కరువైన చోట మానలేదు. అక్క కూతురికి పెళ్లీడు వచ్చింది, అక్కకు కళ్లజోడు వచ్చింది, బావకు పొట్ట వచ్చింది, నాన్నకు మాత్రం మాట రాలేదు. బావ కూడా మొండివాడే. సెలవు రోజు వచ్చిందంటే కొట్టుకు వచ్చి ఆ బల్ల మీద కూర్చుంటాడు, "బాగున్నారా మామయ్యా" అంటాడు. నాన్న తోలు ముక్క వంక చూస్తూ, "బాగానే ఉన్నానని చెప్పు" అంటాడు.

ఆ రోజు పొద్దున్న పనికి వెళుతూ, నాన్నకు టీ ఫ్లాస్కు ఇద్దామని కొట్టు దగ్గర ఆగాను. కొట్టంటే నాలుగు రేకులు, ఒక గొడుగు, ఒక ఇనప కాలు. ఆ ఇనప కాలికి బూటు తొడిగి నాన్న మేకులు కొడతాడు. "మన ఇంట్లో నొప్పి తెలియని కాలు ఇదొక్కటే" అంటూ ఉంటాను. ఎవరూ నవ్వరు. అయినా అంటాను.

మేకులు ఎప్పుడూ ఒక సొట్ట డబ్బాలో ఉండేవి. ఆ రోజు కొత్త గిన్నెలో ఉన్నాయి. తళతళలాడుతోంది. కొబ్బరి చిప్పను నిలువునా కోసి, ఒక పక్క వంచినట్టు ఉంది.

"ఇదెక్కడిది నాన్నా? గిన్నె బాగుందే!"

"గిన్నె కాదురా. అతని బూటులోది."

"ఎవరి బూటు?"

"ఎవరి బూటేమిట్రా, మీ అక్క మొగుడిది. కుడి బూటు నోరు తెరిచిందట, నిన్న సాయంత్రం మీ అక్క తెచ్చిచ్చింది. లోపల చెయ్యి పెట్టి చూద్దును కదా, ఈ డొప్ప! అంచు కిందికి దిగిపోయి లోపలి తోలంతా కోసేసింది. రక్తం మరక కూడా ఉంది. బొటనవేలి పక్కన ఆనెకాయ కాసుంటుంది, పాపం."

బావ గురించి నాన్న నోట పాపమనే మాట రావడం నేనెప్పుడూ వినలేదు. ఒక్క క్షణం గుండె పొంగింది. మరుక్షణం కుంగింది.

"తీసేశావా?"

"తియ్యక? వేలి మీద ఇంత ఇనుమెవరైనా పెడతారా, తద్దినం కాకపోతే! పీకేసి, మెత్తటి తోలు రెండు మడతలు వేసి, మైనం దారంతో కుట్టి, పైన పాలిష్ కొట్టా. చూస్తే ఎవరూ పోల్చలేరు. పొద్దున్నే మీ అక్క వచ్చి తీసుకుపోయింది. మీ బావకి చెప్పు, ఇంక కరవదని."

"ఎడమది?"

"అది బాగానే ఉంది. దాని జోలికి పోలేదు."

ఫ్లాస్కు నా చేతిలోంచి జారింది. నాన్న ఒడుపుగా పట్టుకున్నాడు. డెబ్బై దాటినా ఆయన చెయ్యి జారదు. ఆ చేతిపని మీద నాకున్న నమ్మకమే అప్పుడు నన్ను వణికించింది. నాన్న పీకేశాడంటే పీకేసినట్టే. ఒక్క పీచు ఇనుము కూడా మిగిలి ఉండదు.

ఆ భయమేమిటో తెలియాలంటే మా పని గురించి చెప్పాలి. నేనూ బావా పనిచేసేది టైల్స్ గోడౌనులో. నేల మీద పరిచే పలకలు పెట్టెల్లో వస్తాయి, పెట్టెలు చెక్క దిమ్మల మీద వస్తాయి, ఆ దిమ్మల్ని కదిలించడానికి చేతి జాకీలు ఉన్నాయి. జాకీ అంటే గుర్రపు పందెం కాదు. ముందు రెండు ఇనప నాలుకలు, వెనక పొడుగాటి పిడి, కింద చిన్న చక్రాలు. నాలుకలు దిమ్మ కిందికి తోసి, పిడిని నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడిస్తే బరువంతా నేలనుంచి లేస్తుంది. ఇక ఒక్క మనిషి లాక్కుపోవచ్చు. కదలడానికి ఒక్క మనిషి చాలు. ఆగడానికే ఎవరూ చాలరు. దానికి బ్రేకు లేదు.

గోడౌను అరుగు నుంచి లారీల దాకా సిమెంటు వాలు ఒకటి ఉంది. వాలు మీద బండి ఆపితే చక్రం కింద ఆపుచెక్క పెట్టాలని రూలు. ఆ చెక్క చాలాకాలంగా సూపర్‌వైజరు బల్ల పొట్టికాలి కింద ఉంది. ఎందుకంటే మా వాళ్లకు ఆపుచెక్క అవసరం లేదు. మాకు మా బావ ఉన్నాడు. వాలు మధ్యలో నిలబడతాడు. జారివస్తున్న బండి చక్రం ముందుకు బూటు ముక్కు అలా పెడతాడు. ఠంగుమని చక్రం ఇనుముకు తగిలి ఆగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు "బ్రేకూ!" అని కేక పెడతారు. బావ పేరు మరిచిపోయి అందరూ "బ్రేకు" అనే పిలుస్తారు. కంపెనీవాళ్లు కాలు కాపాడుకోమని ఇనుము పెట్టి బూట్లిస్తే, మావాళ్లు కాలినే ఇనుమనుకున్నారు. బూట్లు అరిగాయి, కొత్తవి ఇవ్వమని స్టోరులో అడిగితే, సరుకు రావాలి, ఆగమన్నారు. ఆగమని బ్రేకుకే చెప్పారు!

ఇప్పుడా బ్రేకు కుడి బూటులో బ్రేకు లేదు.

"కొంప ముంచావు నాన్నా" అన్నాను.

"ఏం? కుట్టు ఊడిందా?" అన్నాడు ఆయన. ఆయనకు తెలిసిన ప్రమాదం అదొక్కటే.

చెప్పాను. సగం వినేసరికి ఆయన చేతిలో సుత్తి ఆగిపోయింది. మిగతా సగం వినేసరికి డొప్పలో మేకులు ఒళ్లోకి ఒంపేసుకుని, దాన్ని నా చేతిలో పెట్టబోయాడు. "ఇది పట్టుకుపో. తొడిగేసుకోమను." బూటులో కుట్టే ఇనుమును టోపీలాగా తొడగలేమని ఆయనకు తెలియక కాదు. ఇంకేం ఇవ్వాలో తెలియక.

స్కూటరు తీశాను. ఎక్కబోయే ముందు ఫోను తీశాను. బావ ఫోను మోగి మోగి ఆగింది. మోగక ఏం చేస్తుంది? మా గోడౌనులో పనివాళ్ల ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి. సూపర్‌వైజరుకు చేస్తే, ఆ పెట్టెలోనే బావ ఫోనుకు తోడుగా అతని ఫోనూ మోగింది. అక్కకు చేశాను.

"అక్కా, బావ బండి ఆపేటప్పుడు ఏ కాలు పెడతాడు?"

"పొద్దున్నే ఇదేం ప్రశ్నరా! నేనేమైనా అక్కడ నిలబడి చూశానా?"

"కుడికాలివాటమా, ఎడమకాలివాటమా?"

"చేతికి వాటం ఉంటుంది కానీ కాలికేమిటి? ఇంట్లోకి మాత్రం ఏ కాలు ముందు పెట్టినా బురదే. అవునూ, ఆయనకు బూటు ఎంత నచ్చిందో! తొడుక్కుని గదిలో అటూ ఇటూ తిరిగారు. ఆగి, మళ్లీ తిరిగారు. 'మీ నాన్న కుట్టింది కరవట్లేదే' అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి రా, నిజం."

అక్కకు ఏం చెప్పను? "సరే, తర్వాత చేస్తా" అని పెట్టేశాను.

ఆఫీసులో బిల్లులు కొట్టే అమ్మాయి దగ్గర బల్ల మీద ఫోనుంది. దానికి చేశాను. ఎత్తింది. ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. లారీల నంబర్లు గట్టిగా అరిచి పిలవడం నా ఉద్యోగం. అందుకే నన్ను "మైకు" అంటారు. ఊరికే నంబర్లు అరిస్తే నోరు ఎండిపోతుందని మధ్యమధ్య మాటలతో ఆడుకుంటాను. అదొక జబ్బు. భయమేస్తే ఆ జబ్బు ముదురుతుంది. కొందరికి భయమేస్తే నోట మాట రాదు, నాకు తిన్నగా రాదు.

"అమ్మాయ్, వెంటనే వాలు దగ్గరికి పరిగెత్తు. బ్రేకు ఫెయిలు! బూటు బూటకం!" అన్నాను.

అవతల నుంచి పకపక నవ్వు. "అన్నా, పొద్దున్నే మొదలెట్టావా? రా, అందరికీ ఒకేసారి చెబుదువు గానీ."

"జోకు కాదమ్మా, జాకీ!"

"అబ్బ, ఇది ఇంకా బాగుంది" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నా నోటిని నేనే కొట్టుకున్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. ఇక్కడ నా నోరు జారితే ఇంకొకడి కాలు పోయేట్టుంది.

దారంతా ఎర్ర దీపాలే. ప్రతి దీపం దగ్గరా ఆగి, కళ్లు మూసుకుని బావను తలుచుకున్నాను. వాలు మీద నిలబడ్డాడు, బండి వస్తోంది, కాలు పెడుతున్నాడు... ఏ కాలు? మొహం కనబడుతోంది, మొహంలో నవ్వు కనబడుతోంది, పొట్ట కనబడుతోంది. పొట్ట కింద ఏముందో గుర్తు రావడం లేదు. ఇన్నేళ్లు పక్కనే పనిచేశాను. కేక పెట్టాను. కాలు మాత్రం చూడలేదు. ఎడమ కాలైతే పరవాలేదు, ఎడమ బూటులో ఇనుము ఉంది. కుడికాలైతే... వెనకవాడు హారను కొట్టాడు. దీపం పచ్చబడింది.

గేటు దగ్గర కాపలా తాత నిలబడి ఉన్నాడు.

"తాతా, బ్రేకు బండి ఏ కాలితో ఆపుతాడు?"

"నువ్వు ముందు ఫోను పెట్టెలో వెయ్యి."

"వేస్తా, చెప్పు!"

తాత కర్ర గోడకు ఆనించి, నేల మీద కుదురుగా నిలబడి, ఎడమ కాలు ముందుకు పెట్టాడు. "ఇదిగో, ఇలా." నా ఊపిరి ఆడింది. తాత ఆలోచించి కాలు వెనక్కి తీసుకున్నాడు. కుడికాలు పెట్టాడు. "కాదు కాదు, ఇలా. ఇటు తిరిగి ఉంటాడుగా." మళ్లీ ఎడమది పెట్టాడు. "లారీ ఇటుంటే ఇలా."

"తాతా, నీకు దండం!" అని లోపలికి పరిగెత్తాను.

గోడౌను లోపల చప్పుడు గురించి చెప్పక్కర్లేదు. రేకుల కప్పు, సిమెంటు నేల, ఇనప చక్రాలు. మామూలు రోజుల్లో ఆ చప్పుడు మీదుగా నా గొంతు వెళ్లి లారీ డ్రైవరును నిద్ర లేపుతుంది. ఆ రోజు పరిగెత్తి పరిగెత్తి "బావా" అంటే "బా" దగ్గరే ఆగిపోయింది. మైకు చెడిపోయింది. పెట్టెల వరసల మధ్య నుంచి, ఇద్దరు హమాలీలను గుద్దుకుని, వాలు దగ్గరికి వెళ్లాను.

బావ వాలు మధ్యలో, తన చోట తాను నిలబడి ఉన్నాడు. రెండు కాళ్ల మీదే. కుడి బూటు అద్దంలా మెరుస్తోంది. ఎడమది దాని పక్కన పనివాడిలా ఉంది.

"ఏంట్రా బామ్మర్దీ, కాలు కాలిన పిల్లిలా ఆ పరుగేమిటి?"

"నీ కాలు... కాలకముందే... బావా, ఆ బూటులో ఇనుము లేదు. నాన్న పీకేశాడు. మేకులు పోసుకున్నాడు."

బావ నవ్వాడు. నేను జోకేశాననుకుని నవ్విన నవ్వు కాదది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "తెలుసు" అన్నాడు.

"తెలుసా!"

"తొడుక్కోగానే తెలిసింది రా. రోజూ ఇనుము మోసే కాలికి ఆ మాత్రం తెలియదా? దూదిలా ఉంది."

"తెలిసీ తొడుక్కొచ్చావా? వేళ్లు పోతాయి బావా!"

"ఏం చెయ్యమంటావు? పెళ్లినాడు ఆయన కుట్టిన బూటు విప్పా. ఇన్నేళ్లూ ఆ మనిషి నా మొహం చూసి ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నా ఆనెకాయ చూసి బూటు కుట్టాడు. ఇదీ విప్పమంటావా? ఇది విప్పితే ఇక చచ్చేదాకా చెప్పు, చెప్పు, చెప్పే." బావ కుడికాలు కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "భయపడకు. పొద్దుట్నుంచీ ఎడమకాలితోనే ఆపుతున్నా. మామయ్యకు ఆ మాత్రం గౌరవం, వేళ్లకు ఈ మాత్రం జాగ్రత్త. వేలు విడిచిన మామ అంటే విన్నాం కానీ, మామ కోసం వేలు విడిచిన అల్లుడని అనిపించుకుంటానా ఏంటి!"

"అంటే మామూలుగా కుడికాలేనన్నమాట" అన్నాను.

"మామూలుగానా?" బావ కాళ్ల వంక చూసుకున్నాడు. "అవును, కుడిదే. నాకూ పొద్దున్నే తెలిసింది, ఎడమది పెట్టబోతే."

అప్పుడు నాకు అసలు భయం మొదలైంది. ఇనుము లేదని తలకు తెలుసు. కాలికి ఎవరు చెబుతారు?

"బావా, ఈ పూటకి దిగిపో. ఆపుచెక్క నేను తెస్తాను. సూపర్‌వైజరు బల్ల కుంటితే కుంటనీ" అంటున్నాను. అతని చెయ్యి పట్టుకుని లాగుతున్నాను. పైన అరుగు మీద ఇద్దరు జాకీ తిప్పుతున్నారు. దిమ్మ నిండా పెట్టెలు. నేను బావను లాగడం చూసి వాళ్లలో ఒకడు, "మైకు బ్రేకును పీకేస్తున్నాడ్రోయ్" అని నవ్వుతూ ఇటు తిరిగాడు. తిరిగినవాడి చేతిలోంచి పిడి జారింది.

బండి వాలు ఎక్కింది. అంటే, దిగడం మొదలుపెట్టింది.

పెద్ద వేగం కాదు. పక్కకు ఒక అడుగు వేస్తే చాలు. బండి పోయి కిందనున్న మట్టిగుట్టకు గుద్దుకుంటుంది, నాలుగు టైల్సు పగులుతాయి. నేను పక్కకు దూకాను. బావ కూడా దూకేవాడే. ఒళ్లంతా పక్కకు ఒరిగింది కూడా. కానీ ఆ ఒరిగిన ఒంట్లోంచి కుడికాలు ఒక్కటే, ఎవరో పిలిస్తే పలికినట్టు, ముందుకు వెళ్లింది. తళతళా మెరుస్తూ వెళ్లింది.

ఠంగుమనలేదు. మెత్తటి చప్పుడేదో అయింది. తలగడ మీద గుద్దినట్టు.

బండి ఆగింది. ఎప్పటిలాగే ఆగింది. పైనున్నవాళ్లు ఎప్పటిలాగే "బ్రేకూ!" అని కేక పెట్టారు. ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. ఆ చప్పట్లు నా చెవుల్లో ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. బావ మొహంలో నవ్వు ఉండిపోయింది. రంగు ఒక్కటే దిగిపోయింది. "బామ్మర్దీ," అన్నాడు నెమ్మదిగా, "బండి వెనక్కి లాగరా."

ఆసుపత్రిలో బావను మంచం మీద పడుకోబెట్టారు. బూటు పైకి ఏమీ కాలేదు. కొంచెం నొక్కుకుపోయింది, అంతే. పాలిష్ మీద చక్రం గీత ఒకటి. లోపల ఏముందో ఎవరికీ తెలియదు. వేళ్లున్నాయా, వేళ్లుండిన చోటుందా? బావను అడిగితే, "తెలియట్లేదురా, మోకాలి దాకా మొద్దుబారింది" అన్నాడు.

లాగితే ప్రమాదం, బూటు కోసేయాలన్నారు. నర్సమ్మ కత్తెర తెచ్చింది. కుట్టు దగ్గర పెట్టి నొక్కింది. తెగలేదు. పెద్ద కత్తెర తెచ్చింది. అదీ జారింది. డాక్టరు వచ్చి చూశాడు. "ఎవరయ్యా కుట్టింది? ఇది బూటా, కోటా?" అన్నాడు. ఇంకొకరు చిన్న రంపంలాంటిది తెస్తామన్నారు. రంపమనే మాట వినగానే బావ మంచం అంచు పట్టుకున్నాడు. రంపం కాలికి ఎంత దూరంలో ఆగుతుందో ఎవరు చూశారు? దానికి బ్రేకు ఉంటుందా?

అప్పుడు తలుపు దగ్గర అక్క కనబడింది. అక్క వెనక నాన్న. ఎవరు చెప్పారో, అంత దూరం ఎలా వచ్చారో అడగలేదు. నాన్న చేతిలో తోలుసంచి ఉంది. లోపలికి వచ్చి, బావ మొహం చూడకుండా నేరుగా కాళ్ల దగ్గరికి వెళ్లాడు. సంచిలోంచి తన ఉలి తీశాడు.

"ఏయ్ పెద్దాయనా, ఏం చేస్తున్నారు?" అని నర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కుట్టినవాణ్ని. విప్పడం నాకే వచ్చు" అన్నాడు నాన్న.

డాక్టరు ఆ చేతుల వంక ఒకసారి చూసి, ఉలి తీసుకుని శుభ్రం చేసి మళ్లీ ఇచ్చాడు. నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బావ మడమను తన ఒళ్లో పెట్టుకున్నాడు, కొట్టులో ఇనప కాలిని పెట్టుకున్నట్టు. ఈ కాలికి నొప్పి తెలుసు. ఆ తేడా నాన్న చేతుల్లో కనబడింది. మేకు కొట్టేటప్పుడు కూడా వణకని చెయ్యి దారం దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. ఒక్కో కుట్టు కింద ఉలి మొన పెట్టడం, పైకి లేపడం, తెంపడం. రాత్రంతా కూర్చుని ఎంత ప్రేమగా బిగించాడో, ఇప్పుడంత భయంగా విప్పుతున్నాడు. గదిలో దారం తెగే చప్పుడొక్కటే. అక్క నా భుజం పట్టుకుంది. ఆమె గోళ్లు దిగుతున్నా నేను కదల్లేదు.

పైతోలు విచ్చుకుంది. లోపలి తోలు మడతలు రెండూ ఎర్రగా తడిసి ఉన్నాయి. నాన్న చెయ్యి ఆగిపోయింది.

"అతన్ని అడుగు," అన్నాడు నా వైపు తిరగకుండా, "వేళ్లు కదులుతున్నాయేమో అడుగు."

"కదుపుతున్నా మామయ్యా," అన్నాడు బావ కప్పు వంక చూస్తూ. "కదులుతున్నాయో లేదో మీరే చూడాలి."

నాన్న మడత ఎత్తాడు. డాక్టరు వంగాడు. నేను చూడలేదు. గోడ మీద గడియారం చూశాను. ముళ్లు కదులుతున్నాయా? నాకు తెలియలేదు.

"ఉన్నాయి," అన్నాడు డాక్టరు. "అన్నీ ఉన్నాయి. బొటనవేలు విరిగినట్టుంది, గోరు పోయింది. ఎక్స్‌రే ఫోటో తీస్తే తెలుస్తుంది."

ఫోటో తీశారు. బొటనవేలి ఎముక రెండు చోట్ల విరిగింది, పక్కవేలిది చిట్లింది. రక్తం ఆడుతోంది, వేలు దక్కుతుందనే అనుకుంటున్నాం, రెండు రోజులు చూడాలి అన్నారు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో అందరం ఒక బొటనవేలి రంగు చూస్తూ బతికాం. నల్లబడిందా? నీలమా? నిన్నటి కంటే మేలా? నాన్న మంచం పక్కన స్టూలు మీద కూర్చుని లేవలేదు. జేబులో ఆ డొప్ప ఉంది. మాటిమాటికీ తీసి, దాని అంచు బొటనవేలితో తడిమి, మళ్లీ పెట్టుకునేవాడు.

రెండో రోజు సాయంత్రం బావే మాట కదిపాడు. "మామయ్యా, ఒక్కటి చెప్పనా. ఆనెకాయ నొప్పి మాత్రం పూర్తిగా పోయింది."

నేను నవ్వాను. అక్క ఏడుస్తూ నవ్వింది. నాన్న నా వైపు తిరిగి, "అతనికి చెప్పు..." అని మొదలుపెట్టాడు. ఆగిపోయాడు. మళ్లీ స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు.

వేలు దక్కింది. రంగు తిరిగింది. గోడౌనులో సూపర్‌వైజరు బల్ల ఇప్పుడు కుంటుతోంది, ఆపుచెక్క వాలు దగ్గరికి తిరిగొచ్చింది. అది చాలదని నాన్న ఇంకో రెండు చెక్కలు కోసి, అంచుకు తోలు తాపడం చేసి, పట్టుకోవడానికి తాళ్లు కట్టి నా చేత పంపాడు. కాలితో బండి ఆపినవాణ్ని ఆ రోజుకు ఇంటికి పంపేస్తామని కాగితం అంటించారు. ఆ కాగితం కింద నిలబడి ఒకడు కాలితోనే ఆపడం నేను చూశాను. ఈసారి కేక పెట్టాను. "బ్రేకూ" అని కాదు.

కట్టు ఇంకా విప్పని రోజుల్లో బావ కర్ర పట్టుకుని కొట్టుకు వచ్చాడు. అదే బల్ల. కుడికాలు చాపి కూర్చున్నాడు, తెల్లటి కట్టు, గుమ్మడికాయంత. నాన్న పని చేసుకుంటున్నాడు. మేకులు మళ్లీ పాత సొట్ట డబ్బాలోకి వెళ్లిపోయాయి. డొప్ప ఎక్కడా కనబడలేదు. నేను అడగలేదు.

"బాగున్నారా మామయ్యా?"

"బాగానే ఉన్నానని చెప్పు" అన్నాడు నాన్న నాతో.

నాన్న మోచెయ్యి తగిలి పక్కనున్న పాలిష్ డబ్బా కింద పడింది. గుండ్రటి డబ్బా. అంచు మీద నిలబడి, వీధి వైపు వాలుగా దొర్లడం మొదలుపెట్టింది. బావ ముందు నుంచే.

కాలు లేచింది. కట్టు కట్టిన కాలే. ఎవరో పిలిచినట్టు, డబ్బాకు అడ్డంగా, నేల మీదికి దిగుతోంది.

"బావా!" నా గొంతు ఈసారి వచ్చింది. వీధి చివరిదాకా వెళ్లింది. కానీ నా కంటే ముందు ఇంకో గొంతు లేచింది.

"కాలు తియ్యి! బుద్ధుందా నీకు? ఎన్నిసార్లు చెప్పాలి నీకు, కాలు అడ్డం పెట్టకని? నిన్నేరా! నీకే చెప్పేది!"

నాన్న ఒళ్లో ఉన్న బూటు, సుత్తి, మేకులు అన్నీ చెల్లాచెదురుగా పడ్డాయి. ముందుకు పడి, ఆ కట్టు నేలకు తగలకముందే రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. వగరుస్తూ బావ మొహంలోకి చూశాడు. బావ ఆ మొహం వంకే చూస్తున్నాడు. అతనిది తిట్టించుకున్నవాడి మొహంలా లేదు.

"ఇంకోసారి తిట్టండి మామయ్యా" అన్నాడు.

పాలిష్ డబ్బా వీధిలోకి దొర్లుకుంటూ పోయింది. ఎవరమూ ఆపలేదు.